ముద్రణ నీడలో ఈ-పుస్తకం: వెల, నిర్వచనం, హక్కు

తెలుగులో ఈ-పుస్తకం వెలను గురించిన చర్చ తరచుగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నది. కాగితం లేదు, కుట్టు లేదు, రవాణా లేదు. అయినా ఇంత వెల ఎందుకు? రచయిత పారితోషికం, సంపాదకత్వం, అచ్చుతప్పుల సవరణ అనేవి కాగితంతో నిమిత్తం లేని ఖర్చులని, వేయి ప్రతులు అమ్ముడుపోవడమే గొప్పగా భావించే భాషలో ఆ బరువు ప్రతి ఒక్క ప్రతి మీదా పడుతుందని సులువుగానే సమాధానం చెప్పవచ్చు. వెల ఎంత అనే ప్రశ్నకంటె ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. పాఠకుడు చెల్లిస్తున్నది దేనికి?

ఈ విషయంలో భారతీయ పన్ను చట్టం ఉపయోగించిన భాష సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా చదవదగినది. 2017లో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు ముద్రిత పుస్తకానికి పన్ను లేదు. ఈ-పుస్తకానికి 18 శాతం విధించారు. 2018 జూలైలో దానిని 5 శాతానికి తగ్గించారు. అయితే ఆ తగ్గింపు ప్రకటన ఈ-పుస్తకాన్ని ముద్రిత పుస్తకానికి ఎలక్ట్రానిక్ రూపంగా నిర్వచించింది. అచ్చు కాని రచన 18 శాతంలోనే మిగిలిపోయింది. నూరు రూపాయల కవితాసంపుటి అచ్చులో వస్తే 100, అచ్చయిన తరువాత తెరమీదికి వస్తే 105, తెరమీదనే పుడితే 118. నమోదు పరిమితికి లోబడిన చిన్న విక్రేతను ఈ పన్ను తాకకపోవచ్చు గాని, నిర్వచనంలోని తారతమ్యం అలాగే ఉంటుంది. కవిత అదే, కవి ఆమే. భేదమంతా ‘ముద్రిత’ అనే ఒక్క విశేషణంలో ఉన్నది. రచన పుస్తకమని ఋజువు కావాలంటే ఒకసారి యంత్రం కిందికి వెళ్లి రావాలి. ఎన్ని ప్రతులు అచ్చువేయాలో నిర్వచనం చెప్పదు కనుక, పాతిక ప్రతులు వేయించి అటక మీద పెట్టినా సరిపోతుందనే వాదానికి అది తావిస్తున్నది.

ఇదే అంశాన్ని ఫ్రాన్సు 2011 మే నెలలో చేసిన చట్టంతో పోల్చి చూడవచ్చు. డిజిటల్ పుస్తకానికి ప్రచురణకర్త నిర్ణయించిన వెలనే విక్రేతలందరూ పాటించాలన్నది ఆ చట్టం సారాంశం. ముద్రిత పుస్తకం విషయంలో అక్కడ 1981 నుండి ఉన్న పద్ధతిని అది తెరమీదికి విస్తరించింది. అందులో డిజిటల్ పుస్తకమంటే అచ్చులో కూడా వెలువడినది, లేదా తన విషయం వల్ల, కూర్పు వల్ల అచ్చువేయడానికి వీలైనది. భారతీయ ప్రకటన ‘ముద్రితం’ అన్నచోట ఫ్రెంచి చట్టం ‘ముద్రణయోగ్యం’ అనే వికల్పాన్ని చేర్చింది. దత్తాంశ నిధులను, ఆటలను పుస్తకం పేరుతో లోపలికి రానీయకుండా ఒక హద్దు అవసరమనే వాదాన్ని కాదనలేము. కాని ఆ హద్దును ముద్రణయోగ్యత కూడా గీయగలదు. పైగా తెరమీద పుట్టిన నవలను బయటికి నెట్టదు. ఏమైనా రెండు చట్టాలకూ కొలమానం అచ్చే కావడం విస్మరించరానిది.

విచిత్రమేమంటే, విమర్శించవలసిన ఆ భారతీయ నిర్వచనం తెలుగు ఆచరణకు యథాతథమైన వర్ణన. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండే స్థానం ఉన్నా, ప్రచురణ రంగం చిరకాలం పేజ్‌మేకర్ మీద, అను వంటి యూనికోడేతర ఖతుల మీద నడిచింది. అలా కూర్చిన పుటలనే పీడీఎఫ్‌గా మార్చి ఈ-పుస్తకమన్నారు. చరవాణిలో ఆ పుట కుదించుకుపోతుందే తప్ప, తెరకు తగినట్లు పంక్తులు సర్దుకోవు. పరిశోధకుడు ఒక పదప్రయోగాన్ని వెతికితే దొరకదు. పాఠంగా కనిపిస్తున్నది వేరొక సంకేతావళి. వెతకడానికి వీలుకాని డిజిటల్ పాఠానికి అచ్చుప్రతితో సమానమైన వెల అడిగితే పాఠకుడు సంకోచించడం సహజమే. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు.

అంతకుముందే తెలుగు పుస్తకాల కోసం ఏర్పడిన కినిగె, పుస్తకాన్ని కొనడానికే కాక, తక్కువ వెలకు కొంతకాలం అద్దెకు తీసుకోవడానికి కూడా వీలు కల్పించింది. ఈ రెండు మాటల్లో ‘అద్దె’ నిజాయితీ గల మాట. డిజిటల్ వాణిజ్యంలో సాధారణంగా ‘కొనుగోలు’ అనిపించుకొనేది కూడా షరతులకు లోబడిన చదువు అనుమతే. అబిడ్స్ కాలిబాట మీద ఆదివారం దొరికే పాత పుస్తకం చేతులు మారినట్లు అది మారదు. చదివిన ఈ-పుస్తకాన్ని తిరిగి అమ్మే హక్కును యూరోపియన్ న్యాయస్థానం 2019లో నిరాకరించింది. అమెరికాలో హార్పర్‌కాలిన్స్ 2011లో, గ్రంథాలయానికి అమ్మిన ఈ-పుస్తకం 26 సార్లు ఎరువిచ్చాక ముగిసిపోతుందని షరతు పెట్టింది. అచ్చుపుస్తకం చిరిగేదాకా ఉంటుంది. ఈ-పుస్తకానికి చిరుగును కూడా ఒప్పందంలో రాశారు.

తెలుగు పరిశోధనకు ఇది దూరపు ముచ్చట కాదు. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు దాతల పుస్తకాలతో, పాత పత్రికల సంపుటాలతో పెరిగాయి. ఒకరు కొన్నది వారి తరువాత మరొకరికి అందడం వల్లనే నేటి సిద్ధాంత వ్యాసాలకు ఆకరాలు మిగిలాయి. ఈ-పుస్తకాల పాఠకుడు సేకరించుకున్న అనుమతులు ఆ దారిలో గ్రంథాలయానికి చేరవు. అచ్చు కాకుండా తెరమీదనే వెలువడిన రచనల విషయంలో, అమ్మిన వేదిక మూతపడితే ఉదాహరించడానికి మూలప్రతి కూడా కరవవుతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు డిజిటల్ ప్రచురణకర్తలతో రాసుకొనే ఒప్పందంలో వెల అనే గడి పక్కన ఎన్నేళ్లు, ఎందరికి, వేదిక నిలిచిపోతే ప్రతి ఎవరి అధీనంలో ఉంటుంది అనే గడులు కూడా ఉండాలి. వెల న్యాయమైనదా కాదా అని తేల్చడానికి ఆ గడులు నిండిన తరువాతే వీలవుతుంది.