రేడియేటరు ఫ్యాను – బ్యాటరీపై దాని భారము

అంబాసిడరు కారులోను, పాత జీపులలోను రేడియేటరు ఫ్యాను బెల్టు ద్వారా ఇంజనుతోనే తిరిగెడిది. 1983లో వెలువడిన మారుతి 800 వంటి చిన్నకార్లలో ఇంజనును అడ్డముగా అమర్చిరి. అందుచే బెల్టు ఫ్యానుకు చోటు కుదరలేదు, విద్యుత్ ఫ్యాను వచ్చినది. మార్పు మంచిదే. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును. అప్పుడు ఫ్యాను త్రిప్పుట దండుగ. బెల్టు ఫ్యానుకు ఆ వివేకము లేదు, విద్యుత్ ఫ్యానుకు కలదు. అయితే బెల్టు ఫ్యాను తన శక్తిని నేరుగా ఇంజనునుండి తీసికొనెడిది. ఇది ఆల్టర్నేటరును, బ్యాటరీని అడుగును. విమర్శింపవలసిన విషయము ఇక్కడనే యున్నది.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము చేరి, అడవిలో ముందుకు సాగు డ్రైవర్లకు భయమంతయు ఘాటురోడ్డును గురించియే. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కునప్పుడు ఇంజను కాగిపోవును, ఫ్యాను విడువక తిరుగును, నిజమే. కాని తక్కువ గేరులో ఇంజను వడిగా తిరుగుచుండును గనుక ఆల్టర్నేటరు కూడ సమృద్ధిగా విద్యుత్తునిచ్చును. విద్యుత్తు విషయములో ఘాటు భయపడవలసిన చోటు కాదు. ప్రమాదమంతయు నిలిచిన బండికే.

శ్రీరామనవమికి భద్రాచలము పోవు కార్లు గోదావరి వంతెనకు ఇవతల, సారపాక వైపున, చీకటిపడిన వేళ బారులు తీరి నిలిచినవనుకొందము. ఎదురుగాలి లేదు, ఫ్యానే దిక్కు. ఇంజను మెల్లగా తిరుగుచుండుటచే ఆల్టర్నేటరు ఉత్పత్తి పడిపోయినది. ఉదాహరణకు అది 30 ఆంపియర్లిచ్చుచుండగా, హెడ్‌లైట్లు, రేడియేటరు ఫ్యాను, ఏసీ ఫ్యాన్లు, ఇంజను అవసరములు అన్నియు కలిసి 40 ఆంపియర్లు కోరినచో, లోటు 10 ఆంపియర్లు బ్యాటరీ భరింపవలెను. 35 ఆంపియరు-గంటల చిన్న బ్యాటరీ రెండు గంటలలోపుననే సగము ఖాళీయగును. పాతబడినదైనచో ఆ తరువాత స్టార్టరును త్రిప్పుట అనుమానమే. సారపాకలోనైతే నలుగురు చేరి త్రోయుదురు. చెర్ల, దుమ్ముగూడెము వైపు పల్లెలనుండి రోగిని ఎక్కించుకొని రాత్రివేళ బయలుదేరు బండికి త్రోయువారెవరు?

రెండవ దోషము ఫ్యాను మొదలగు తీరులో నున్నది. తిరుగుచున్న మోటారు తనలో ప్రతికూల విద్యుచ్ఛాలక బలమును పుట్టించి, లోనికి వచ్చు ప్రవాహమును తానే అదుపుచేసికొనును. ఆగియున్న మోటారుకు ఆ బలము లేదు. తీగచుట్ల నిరోధము పావు ఓము అనుకొన్నచో, 12 వోల్టులు తగిలిన క్షణమున 48 ఆంపియర్ల ప్రవాహమునకు దారి యేర్పడును. వేగమందుకొన్న పిమ్మట అదే మోటారుకు 10 ఆంపియర్లు చాలవచ్చును. ఫ్యాను మొదలైన ప్రతిసారియు హెడ్‌లైట్లు ఒక్కమారు మసకబారుట దీనివలననే. రిలే కాంటాక్టులు మాడిపోవుటకును ఇదియొక కారణము.

ఈ రెండింటికి మన మెకానిక్కులు సాధారణముగా చేయు చికిత్స ఏమి? థర్మోస్విచ్చును తప్పించి, డ్రైవరు చేతికందునట్లు ఒక స్విచ్చు పెట్టి, ఫ్యానును 'డైరెక్టు' చేయుదురు. ఫ్యూజు పోవుచున్నచో పెద్ద ఫ్యూజు వేయుదురు. మొదటిది అజాగ్రత్త, రెండవది అపాయము. డ్రైవరు స్విచ్చు వేయ మరచిన ఇంజను ఉడుకును, తీయ మరచిన బ్యాటరీ అడుగంటును. ఫ్యూజు ఫ్యాను కొరకు కాదు, తీగ కొరకు ఉన్నది. తీగ మందము పెంచక ఫ్యూజు ఒక్కదానినే పెంచినచో, కరగవలసిన ఫ్యూజు నిలుచును, తీగపై తొడుగు కాలును. పది ఆంపియర్లు మోయు సన్నని తీగ రానుపోను 4 మీటర్లుండి, దాని మందము ఒక చదరపు మిల్లీమీటరే యైనచో, సుమారు 0.7 వోల్టు దారిలోనే హరించిపోవును. తుప్పుపట్టిన ఎర్తు కనెక్షను ఈ నష్టమును ఇంకను పెంచును.

సరియైన మార్గము ఫ్యాను నియమములోనే యున్నది. గాలి పరిమాణము వేగమునుబట్టి పెరుగును. రెక్కలు కోరు శక్తి మాత్రము వేగపు ఘనమునుబట్టి పెరుగును. వేగము సగమైనచో గాలి సగమే, కాని శక్తి ఎనిమిదవ వంతు. అందుచే పూర్తి వేగముతో తిరిగి, ఆగి, మరల తిరుగు ఫ్యానుకంటె మెల్లగా ఎక్కువసేపు తిరుగు ఫ్యాను మేలు. రెండు ఫ్యాన్లున్న కార్లలో మొదట వాటిని సీరీసులో కలిపి, వేడి హెచ్చినప్పుడే వేరుచేయు పద్ధతి ఇందుకే. నిరోధకము ద్వారా వేగము తగ్గించు ఏర్పాటులో కొంత విద్యుత్తు వేడిగా వృథాయగును. అయినను ఒకే వేగముగల ఫ్యానుకంటె అది నయము. వేగమును మెల్లమెల్లగా పెంచు ఎలక్ట్రానిక్ కంట్రోలరు అన్నిటికంటె మేలైనది. అది ప్రారంభపు తాకిడిని కూడ చాలవరకు అణచివేయును. పాతబండికి ఇంత చేయనక్కరలేదు. బ్యాటరీనుండి తగిన మందముగల తీగ, దానికి తగిన ఫ్యూజు, ఒక మంచి రిలే, శుభ్రమైన ఎర్తు, పనిచేయు థర్మోస్విచ్చు ఉన్న చాలును.

వీటన్నిటికంటె చౌకైన పని రేడియేటరును కడుగుట. కొత్తగూడెము, మణుగూరు ప్రాంతములలో బొగ్గులారీల వెనుక నడచు బండి రేకుల సందులలో నల్లని ధూళి, ఎండుటాకుల పొడి, పురుగులు పేరుకొనును. గాలి దూరక ఫ్యాను రెట్టింపుసేపు తిరుగవలసి వచ్చును. ఇంజను చల్లారిన తరువాత, నీటిధార ఇంజను వైపునుండి బయటికి పోవునట్లు మెల్లగా పట్టవలెను. ముందునుండి బలముగా కొట్టినచో ధూళి మరింత లోనికి దిగును, పలుచని అల్యూమినియము రేకులు వంగిపోవును.