ఎవరి పాట, ఎవరి పుస్తకం

సింఫనీ సంగతి మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. ఎనభై తొంభై మంది వాద్యకారులు కూర్చుని, ఎదురుగా నిలబడ్డ ఒక మనిషి చేతి సైగ చూస్తూ, కాగితం మీద రాసిన సంగీతాన్ని నలభై నిమిషాలు వాయించడం మన గూడేల్లో లేదు. వినేవాళ్లు చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం అసలే లేదు. కానీ యూరప్‌లో, అమెరికాలో ఒక జాతి తన గొప్ప చాటుకోవాలనుకున్నప్పుడు సింఫనీ రాయించుకుంది. ఆ గొప్పలోకి అక్కడి ఆదివాసుల పాట ఏ దారిన వచ్చింది, ఎవరిని అడిగి వచ్చింది అన్నది మాత్రం మన ప్రశ్నే. అందుకే ఒకే ఒక్క సింఫనీ పట్టుకుని, దాని మీదా దాని చుట్టూ వచ్చిన కొన్ని ఇంగ్లీషు పుస్తకాలను చర్చకు పెడుతున్నాం.

ఆ సింఫనీ ఆంటొనిన్ డ్వోర్జాక్ రాసిన తొమ్మిదోది. ‘కొత్త ప్రపంచం నుంచి’ అని పేరు పెట్టాడు. ఆయన చెక్ జాతివాడు, మాంసం కొట్టు నడిపిన తండ్రి కొడుకు. జర్మన్ భాషదే పైచేయిగా ఉన్న ఆస్ట్రియా సామ్రాజ్యంలో, తన పల్లె పాటల బలంతో పేరు తెచ్చుకున్నాడు. 1892లో న్యూయార్క్‌లోని నేషనల్ కన్సర్వేటరీకి పెద్దగా వచ్చాడు. ఆ బడిలో నల్లజాతి విద్యార్థులకూ చోటుండేది. అమెరికా సంగీతం నల్లవాళ్ల పాటల పునాది మీదే లేవాలని 1893లో పత్రికకు చెప్పాడు. తెల్ల విమర్శకుల్లో చాలామందికి అది మింగుడు పడలేదు. అదే ఏడాది డిసెంబరులో కార్నెగీ హాల్‌లో ఈ సింఫనీని మొదటిసారి వాయించారు. దానికి ముందు రోజుల్లోనే ఆయన ఇంకో మాట అన్నాడు: ఇండియన్ల పాటలను ఉన్నవున్నట్టు తీసుకోలేదట, వాటి లక్షణాలతో సొంత బాణీలు కట్టాడట. మూడో భాగానికి మాత్రం ‘హయవాత గీతం’లో విందు దగ్గర ఇండియన్లు ఆడే ఘట్టం ప్రేరణ అట.

మైకేల్ బెకర్‌మన్ 2003లో తెచ్చిన ‘న్యూ వరల్డ్స్ ఆఫ్ డ్వోర్జాక్’ ఈ హయవాత తీగనే లాగుతుంది. లాంగ్‌ఫెలో కావ్యంలో ఏ ఘట్టం సింఫనీలో ఎక్కడ వినిపిస్తుందో ఓపిగ్గా చూపిస్తుంది. సింఫనీ వింటూ పక్కన పెట్టుకోవడానికి మంచి పుస్తకం. అయితే మనం ఆ తీగను కావ్యం దగ్గర ఆపకుండా ఇంకా వెనక్కి లాగాలి. లాంగ్‌ఫెలో 1855లో ఆ కావ్యం రాసింది స్కూల్‌క్రాఫ్ట్ అనే ప్రభుత్వ ఏజెంటు అచ్చేసిన ఒజిబ్వే కథల ఆధారంగా. ఆ ఏజెంటుకు కథల్లో చాలా భాగం అందింది ఒజిబ్వే తల్లికి పుట్టిన ఆయన భార్య జేన్ నుంచీ, ఆమె పుట్టింటివాళ్ల నుంచీ. కథలు ఒజిబ్వేవాళ్ల నానబొజోవి. నాయకుడికి తగిలించిన పేరేమో హాడెనొషోనీ అనే వేరే జాతి పెద్దది. మనకు తెలిసినట్టు చెప్పాలంటే, కోయల కథ తీసుకుని గోండుల వీరుడి పేరు పెట్టడం లాంటిది. దాన్ని డ్వోర్జాక్ అమెరికా రాకముందే, ఎన్నో ఏళ్ల కిందట, చెక్ అనువాదంలో చదువుకున్నాడు. ఒజిబ్వే తల్లి నోట్లోంచి కార్నెగీ హాల్ దాకా ఎన్ని చేతులు మారిందో చూడండి. ఒక్కో చేతి దగ్గర ఒక్కో పేరు రాలిపోయింది.

సింఫనీ రాయడం మే నెలలో ముగిసింది. ఆ వేసవిలో ఆయన అయోవా రాష్ట్రంలోని స్పిల్‌విల్ అనే చెక్ వలసవాళ్ల ఊరికి వెళ్లాడు. మందులమ్మే ప్రదర్శనతో అక్కడికి వచ్చిన ఆదివాసులు పాడి ఆడుతుంటే చూశాడు. అప్పటికి సింఫనీ పూర్తయిపోయింది. పైగా నల్లవాళ్ల సంగీతమూ ఇండియన్ల సంగీతమూ దాదాపు ఒకటేనని కూడా అన్నాడు. ఐదు స్వరాల వరస వినిపిస్తే చాలు, అన్నీ ఒకటే అనిపించే చెవి అది. ఆయన మనసు మంచిదే, అందులో మాకు అనుమానం లేదు. ఆ చెవి సంగతే మేం మాట్లాడుతున్నాం.

ఇక్కడ రెండు తేదీలు తలచుకోవాలి. 1883లో అమెరికా ప్రభుత్వం ‘ఇండియన్ నేరాల’ నియమావళి తెచ్చి, ఆదివాసుల నృత్యాలనూ క్రతువులనూ శిక్షించదగ్గ నేరాలుగా చేసింది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర, దయ్యాల నాట్యం అని తెల్లవాళ్లు భయపడిన ఒక కొత్త ఆరాధన కారణంగా మొదలైన సైనిక చర్యలో, ఆడవాళ్లూ పిల్లలూ సహా వందలాది లకోటా జనాన్ని కాల్చి చంపారు. సరిగ్గా మూడేళ్లకు, అదే డిసెంబరు నెలలో, ఇండియన్ల నాట్యం ఊహించుకుని రాసిన సంగీతానికి న్యూయార్క్ జనం చప్పట్లు కొట్టారు. బయట ఆడితే శిక్ష, హాల్లో వాయిస్తే కళ. ఈ సింఫనీ మీద వచ్చే ఏ పుస్తకమైనా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మొదలైతే బాగుండేది.

1893లోనే ఇంకో పుస్తకం వచ్చింది: ‘ఒమహా ఇండియన్ సంగీత పరిశీలన’. రాసింది ఆలిస్ ఫ్లెచర్. మొదటి పేజీలో ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ ‘సహాయంతో’ అని ఉంటుంది. ఆయన ఒమహా పెద్ద కొడుకు. ఆ పాటల మధ్యే పెరిగినవాడు, భాష ఆయనది, మనుషులు ఆయనవాళ్లు. అయినా సహాయకుడే. పాటలకు జాన్ ఫిల్‌మోర్ అనే పియానో పంతులు కింద స్వరాల మేళవింపు తగిలించాడు. ఒమహావాళ్లు ఒకే వరసలో పాడతారు కానీ లోలోపల వాళ్లకు ఆ మేళవింపు ఉండే ఉంటుందని ఆయన వాదన. మనం పాడింది మనకే అర్థం కాలేదని చెప్పే పండితులు మనకూ కొత్త కాదు. ఆ తర్వాత 1911లో వచ్చిన పెద్ద గ్రంథం ‘ది ఒమహా ట్రైబ్’ మీద మాత్రం ఫ్లెచర్ పేరు పక్కన లా ఫ్లెష్ పేరు రచయితగానే ఉంది. ‘సహాయం’ అన్న మాట చెరగడానికి 18 ఏళ్లు పట్టింది.

ఫ్లెచర్ అచ్చేసిన ఆ పాటల నుంచే ఆర్థర్ ఫార్వెల్ అనే స్వరకర్త పియానో ముక్కలు కట్టాడు. 1901లో తాను పెట్టిన ప్రచురణ సంస్థకు ఒమహావాళ్ల పవిత్ర క్రతువు ‘వా-వాన్’ పేరే పెట్టుకున్నాడు. జోసెఫ్ హొరొవిట్జ్ తన ‘డ్వోర్జాక్స్ ప్రాఫెసీ’లో (2021) ఈ ఫార్వెల్‌ను వెనకేసుకొస్తాడు. ఒకరి సంగీతాన్ని ఇంకొకరు తీసుకోవడాన్ని దోపిడీగానే చూస్తే కళకు దారులు మూసుకుపోతాయని ఆయన బాధ. ఆ పుస్తకం అసలు గురి వేరు. నల్లజాతి శాస్త్రీయ సంగీతాన్ని అమెరికా ఎలా పక్కన పెట్టింది, విలియం డాసన్ సింఫనీని 1934లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ఘనంగా వాయించాక కూడా ఎందుకు మరిచిపోయారు అని నిలదీస్తుంది. ఆ భాగాలు చదివి తీరాలి. డగ్లస్ షాడిల్ అదే ఏడాది తెచ్చిన చిన్న పుస్తకం అప్పటి పత్రికల్లో జాతి గురించి నడిచిన వాదాలను ఇంకా సూటిగా విప్పుతుంది. రెంటిలో ఒకటే చదవగలిగితే షాడిల్‌దే చదవమంటాం. చిన్నది, ఆవేశం తక్కువ, ఆధారం ఎక్కువ.

అయినా హొరొవిట్జ్ వాదంలో ఒక తేడా కలిసిపోతోంది. డ్వోర్జాక్ మాట తర్వాత నల్లజాతి పాట ఒక్కటే హాల్లోకి రాలేదు, పాటగాళ్లూ వచ్చారు. ఆయనకు ఆ పాటలు పాడి వినిపించిన హ్యారీ బర్లీ తానే స్వరకర్త అయ్యాడు. ఫ్లారెన్స్ ప్రైస్ అనే నల్లజాతి స్త్రీ రాసిన సింఫనీని 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఆదివాసుల విషయంలో పాట వెళ్లింది, మనిషి బయటే ఉండిపోయాడు. తీసుకోవడం మంచిదా చెడ్డదా అని తేల్చడం తర్వాత, ముందు ఈ లెక్క చూడాలి.

మైకేల్ పిసానీ పుస్తకం ‘ఇమేజినింగ్ నేటివ్ అమెరికా ఇన్ మ్యూజిక్’ (2005) గురించి ఒక్క మాట. నాలుగు దెబ్బల్లో మొదటిది గట్టిగా పడే డప్పు, కిందికి జారే ఐదు స్వరాల వరస, ఇవి వినిపిస్తే ‘ఇండియన్లు వస్తున్నారు’ అని అర్థమయ్యే అలవాటు ఎలా పుట్టి హాలీవుడ్ దాకా పాకిందో చెబుతుంది. తెలుగు సినిమాలో అడవి చూపించగానే మోగే డప్పులూ ‘హుయ్ హుయ్’ కేకలూ గుర్తొస్తే అది మా తప్పు కాదు.

వీటన్నిటికంటే మనకు దగ్గరిది డిలన్ రాబిన్‌సన్ రాసిన ‘హంగ్రీ లిజనింగ్’ (2020). ఆయన కెనడా పశ్చిమ తీరంలోని స్టోలో జాతివాడు. బంగారం కోసం 1858లో తమ నది వెంట వేలమంది తెల్లవాళ్లు ఆకలితో వచ్చారు. వాళ్లకు స్టోలో భాషలో పడ్డ పేరుకు అర్థం ఆకలిగొన్నవాళ్లు అని. వినడంలోనూ అదే ఆకలి ఉందంటాడు రాబిన్‌సన్. ఈ పాటలో నాకేం దొరుకుతుంది, ఏది పట్టుకుపోవచ్చు అని వినే చెవి అది. ఆర్కెస్ట్రాలు ఆదివాసీ గాయకులను వేదిక మీదికి పిలిచి, వాళ్ల పాటను తమ సంగీతంలో అలంకారంగా కలుపుకోవడాన్ని కూడా ఆయన వదలడు. పిలవడం వేరు, పద్ధతి మార్చుకోవడం వేరు అంటాడు.

ఆయన చర్చించినవాటిలో ఒకటి సింఫనీ కాదు, ఒపేరా. 1927లో నిస్గా జాతి దగ్గర పరిశోధకులు ఒక పాట రికార్డు చేసి రాసుకున్నారు. అది ఒక పెద్ద చనిపోయినప్పటి శోకగీతం. నిస్గా కట్టుబాటు ప్రకారం హక్కున్నవాళ్లే, తగిన సమయంలోనే పాడాలి. హ్యారీ సోమర్స్ 1967లో ‘లూయీ రియెల్’ ఒపేరాలో ఆ వరస తీసుకుని, క్రీ భాష మాటలు పెట్టి, తల్లి బిడ్డకు పాడే జోలగా మార్చాడు. చావుపాట జోలపాటైంది! 2017లో ఆ ఒపేరాను మళ్లీ ఆడినప్పుడు ఈ గొడవ బయటికొచ్చింది. తర్వాత ఇయన్ కుసన్ అనే మెటీ స్వరకర్త చేత ఆ చోట వేరే పాట రాయించారు.

ఇది చదివినప్పుడు ఆదిలాబాద్ ప్రధాన్లు గుర్తురాకుండా ఉంటారా? కిక్రి మీద గోండు వంశాల కథ పాడే హక్కు తరతరాలుగా ఏ ఇంటివాళ్లది ఏ వంశానికని కట్టుబడి ఉంది. దండారి రోజుల్లో మొక్కుతో మొదలై మొక్కుతో ముగిసే గుస్సాడీని ఇప్పుడు ఏ నెలలోనైనా, ఏ అతిథి వచ్చినా వేదికెక్కిస్తున్నారు. పిల్లల చేత వార్షికోత్సవంలో ఆడించే టీచర్లు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, ఆ ఊరి పెద్దలను ముందు అడుగుతున్నారా? అడిగితే కొన్నిటికి సరే అంటారు, కొన్నిటికి వద్దంటారు. ఆ ‘వద్దు’ను పాఠంలో భాగంగా పిల్లలకు చెప్పొచ్చు.

ఇదంతా చదివి సింఫనీ మనది కాదు, వదిలేద్దాం అనుకోనక్కర్లేదు. డినే జాతి స్వరకర్త రేవెన్ చాకోన్ ఏళ్ల తరబడి రిజర్వేషన్ బడుల్లో పిల్లలకు తీగ వాద్యాల నలుగురి బృందానికి సంగీతం రాయడం నేర్పాడు. పిల్లలు రాస్తే పేరున్న వాద్యకారులు వచ్చి వాయించారు, కాగితం మీద పేరు పిల్లలదే. 2022లో సంగీతానికి పులిట్జర్ బహుమతి ఆయన ‘వాయిస్‌లెస్ మాస్’కు వచ్చింది. పేరుకు చర్చి ఆరాధన గీతమే కానీ అందులో పాడే గొంతు ఒక్కటీ లేదు. గొంతు నొక్కేసిన చోట నిశ్శబ్దాన్నే వినిపించాడు.

రాబిన్‌సన్ పుస్తకం ఇంగ్లీషు కఠినమే. డిగ్రీ పిల్లలు ఒక్కరే కూర్చుని చదివితే విసుగొస్తుంది, నలుగురు కలిసి పేజీ పేజీ ఆగుతూ చదవాలి. అందులో ఒక చోట ఆయన ఆదివాసులు కాని పాఠకులను ఇక్కడ ఆగిపొమ్మంటాడు. తర్వాతి పేజీలు తనవాళ్ల కోసమట. ఆ పేజీలు మనం చదవొచ్చా? మేమూ ఆదివాసులమే, ఆ పిలుపు మాక్కూడా అని మాలో కొందరు పేజీ తిప్పారు. ఆయన నేల వేరు, మన నేల వేరు, ఆ ఇంటివాళ్లు మనల్ని పేరు పెట్టి పిలవలేదు కదా అని కొందరు పుస్తకం మూసి పెట్టారు. మా బృందంలో ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.