పోయినోళ్ల పద్దు

షోలాపూర్ పూర్వభాగ్‌లోనో, భివండి పద్మానగర్‌లోనో, ముంబై వర్లీ చాళ్లలోనో పుట్టి పెరిగిన మూడో తరం పద్మశాలి పిల్లలను అడిగి చూడండి. ఇంటిపేరు చెబుతారు, గోత్రం చెబుతారు, "మాది కరీంనగర్ దిక్కు" అంటారు. అక్కడితో సరి. సిరిసిల్లా, జగిత్యాలా, కోరుట్లా, మెట్‌పల్లా అని గుచ్చి అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. మగ్గం కూడు పెట్టక తాత రైలెక్కాడు. మిల్లు గేటు పక్క ఖోలీలో కాపురం పెట్టాడు. ఊరి సంగతులు చెప్పే ముసలమ్మ పోయింది. ఇప్పుడు మనవడికి ఊరు కావాలి.

అమెరికాలోనో ఐర్లండ్‌లోనో అయితే ఇలాంటివాడికి నలిగిన దారి ఒకటుంది. పాత పత్రికల్లో మరణవార్తలు తిరగేస్తాడు. ఫలానా ఊళ్లో పుట్టాడు, ఫలానా ఏట ఓడ దిగాడు, భార్యా ఇంతమంది పిల్లలూ ఉన్నారు అని నాలుగు వాక్యాల్లో సగం వంశవృక్షం దొరుకుతుంది. మిగతా సగం చర్చి ఖనన రిజిస్టర్లో ఉంటుంది. మన దగ్గర ఆ దారి లేదనిపిస్తుంది. కాల్చినవాడికి రాయి ఉండదు. నిజాం కాలంలో ఒక నేతగాడు కన్నుమూస్తే పత్రికలో వేసిందెవరు?

అయినా మన చావులను ఎవరూ రాసిపెట్టలేదనడం సరికాదు. రాసినవాళ్లున్నారు, పాడినవాళ్లున్నారు. అయితే ఊరికే కాదు. పోయినవాడి మీద ఎవరికో ఒక హక్కు ఉన్నచోటే పద్దు మిగిలింది. భూమిలో వారసుడికి వాటా రావాలి. పద్మశాలీల కులకథ చెప్పిన కూనపులికి త్యాగం, అంటే కథకు ప్రతిఫలం, ముట్టాలి. తీర్థంలో పురోహితుడైన పండాకు దక్షిణ అందాలి. అందుకే వెతికేవాడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: మా తాత పోతే ఎవరికి ఏం రావాలి?

భూమి ఉన్న ఇంటికి ఇది కొంత సులువు. పట్టాదారు పోయాడంటే పట్వారీ ఆ పేరుకు ఎదురుగా 'ఫౌతి' అని రాసి వారసులను ఎక్కించాలి. అదే విరాసత్. ప్రభుత్వానికి ఆ మనిషి మీద ప్రేమేమీ లేదు, రేపు శిస్తు ఎవరు కడతారో తెలిస్తే చాలు. ఆ అవసరమే మనకు తండ్రి పేరు, కొడుకుల పేర్లు, చనిపోయిన ఏడు మిగిల్చింది. ఇప్పటి పాస్‌బుక్ నుంచి పాత పహాణీలకు, వాటి నుంచి 1954-55 నాటి ఖాస్రా పహాణీకి, దొరికితే ఇంకా వెనక తొలి సర్వే నాటి సేత్వార్‌కు నడవాలి. నడిచేటప్పుడు మనిషి పేరును కాక సర్వే నంబరును పట్టుకోవాలి. పేర్లు మోసం చేస్తాయి. రాజయ్య, రాజం, రాజలింగు ఒక్కడే కావచ్చు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల లింగయ్య కొడుకు రాజయ్య, ఆ రాజయ్య కొడుకు మళ్లీ లింగయ్య అయి, రెండు తరాలు ఒకటిగా అతుక్కుపోతాయి. నంబరు మాత్రం అన్నదమ్ములు పంచుకున్నా బై నంబరు తగిలించుకొని అక్కడే ఉంటుంది.

చిక్కు భాషతోనూ క్యాలెండరుతోనూ వస్తుంది. నిజాం రాజ్యపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, ఇంకా పాతవి ఫార్సీలో. తేదీలు ఫసలీలో. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి మొదటి మూడు నెలలు ఆజూర్, దై, బహ్మన్‌లకు 590, తక్కిన నెలలకు 591 కలుపుకోవాలి. 1357 ఆబాన్ అంటే 1948 సెప్టెంబరు, పోలీసు చర్య జరిగిన నెల. జిల్లా పేరు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. 1905కు ముందు కాగితాల్లో కరీంనగర్ జిల్లా వెతికితే దొరకదు, ఎలగందుల అని చూడాలి. ఆదిలాబాద్ వైపైతే సిర్పూర్-తాండూర్. 2016 అక్టోబరు తర్వాత అదే ఊరు సిరిసిల్లలోనో, జగిత్యాలలోనో, పెద్దపల్లిలోనో, మంచిర్యాలలోనో, నిర్మల్‌లోనో తేలుతుంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేవాళ్లు ఈ పేర్ల పట్టిక జేబులో పెట్టుకొని వెళ్లడం మంచిది. మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది, అదీ పల్లెల్లో చాలాకాలం కాగితం మీదే ఉంది. పింఛనో బీమానో వచ్చే చావులే ముందు రిజిస్టరుకెక్కాయి. ఇక్కడ కూడా హక్కే రాయించింది.

మరి గుంట భూమి లేని నేతగాడి సంగతి? అతని చావుకు పట్వారీతో పనిలేదు. కానీ అతని కులానికి ఒక కథకుడున్నాడు. తెలంగాణలో ఒక్కో కులాన్ని ఆశ్రయించుకొని ఒక్కో కథకుల కులం బతికింది. పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు డక్కలి, గౌడులకు గౌడ జెట్టి. కాపులకు గోత్రాలు, వంశాలు చెప్పేవాళ్లను జనం పిచ్చకుంట్లు అన్నారు, వాళ్లు తమను వంశరాజ్ అని పిలుచుకుంటారు. ఎవరు ఏ ఊళ్లకు పోవాలో మిరాశీ పంపకం ఉంటుంది. ఒకరి మిరాశీ ఊళ్లోకి ఇంకొకరు అడుగుపెడితే పంచాయితీయే. చేర్యాల నకాశీల చేత రాయించిన పటం విప్పి, కూనపులి మార్కండేయుడి నుంచి, భావనారుషి నుంచి కథ ఎత్తుకుంటాడు. రాత్రులు గడిచాక కథ దిగి దిగి వాడకట్టులోని ఇళ్ల దగ్గరికి వస్తుంది. గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడు, చీలిన పాయలు. అప్పుడు త్యాగం అడుగుతాడు. ఇల్లు ఇల్లూ లెక్క తెలియకపోతే అతనికే నష్టం కాబట్టి, కిందటిసారి ఉన్న పెద్దాయన ఇప్పుడు లేడంటే ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారో అతను గుర్తుంచుకుంటాడు.

వలస పిల్లవాడికి ఇదొక తాళంచెవి. ఇంటిపేరు, గోత్రం చేతిలో ఉన్నాయి, ఊరు లేదు. పద్మశాలీలకు నూటొక్క గోత్రాలు. గోత్రమొక్కటే చెబితే ఏమీ తేలదు, ఇంటిపేరుతో కలిస్తే వెతికే ఊళ్లు తగ్గుతాయి. అలా మిగిలిన ఊళ్లలో కులపెద్దను కలిసి "ఈ ఊరు ఎవరి మిరాశీ?" అని అడగాలి. ఆ కూనపులి ఇంటికి పోతే సంభాషణ ఇలా సాగుతుంది: "ఇంటిపేరేంది బిడ్డా? గోత్రం? మీ తాతలు ఎందరన్నదమ్ములు? ఏ తీరుగ దేశం వోయిండ్రు?" చివరి ప్రశ్నే అసలుది. ఎవరెక్కడ పుట్టారన్నది అతనికి అంత పట్టదు గానీ, ఏ ఇల్లు తాళం పడిందో, త్యాగం ఎప్పటి నుంచి ఆగిపోయిందో బాగా తెలుసు.

ఇదంతా నమ్మొచ్చా? నా మటుకు నేను పైభాగాన్ని పురాణంగా వింటాను, కింది నాలుగు తరాలను సాక్ష్యంగా తీసుకుంటాను. మధ్యలో ఉన్నది అతుకు. పైగా ఇచ్చే చెయ్యిని బట్టి ముత్తాతల గొప్ప పెరుగుతుంది. మామూలు నేతగాడు ఒక్కోసారి రాజుకు పట్టుచీర నేసినవాడైపోతాడు. అది వృత్తి ధర్మం, తప్పు పట్టాల్సిన పని లేదు, వడగట్టుకుంటే చాలు.

వడగట్టడానికి ఊళ్లోనే ఒక సాధనముంది: మైల. ఒకే ఇంటిపేరు వాళ్లు ఊళ్లో పదిళ్లు ఉండొచ్చు, అందరూ ఒక్క వంశం కాకపోవచ్చు. ఇంట్లో ఒకరు పోతే మైల పట్టేవాళ్లే పాలోళ్లు. "మీరు మావాళ్లేనా?" అని అడిగితే ఎవరైనా మర్యాదకు అవుననే అంటారు. "మా ముత్తాత పోయినప్పుడు మీ ఇంట్ల మైల వట్టిన్రా?" అని అడిగితే ముసలివాళ్లు ఆగి, లెక్క చూసుకొని జవాబు చెబుతారు. మైల పట్టినవాడికి పెళ్లి ఆగింది, పండుగ ఆగింది. ఆ ఇబ్బంది మనసులో నిలిచిపోతుంది. ఊరి వంశవృక్షాలకు ఇంతకంటే గట్టి పరీక్ష నాకు కనిపించలేదు.

ఆదిలాబాద్ గోండుల దగ్గర ఈ ఏర్పాటు ఇంకా బిగువుగా ఉంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు (గోత్ర శాఖలు), వాటి కింద ఇంటిపేర్లు, ఒక్కో వంశానికి కథ చెప్పే ప్రధాన్. అతని కిక్రీ వాయిద్యం మోగకుండా వంశదైవం పెర్సాపేన్ పూజ జరగదు. మెస్రం వంశంవాళ్లు ఏటా పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. పత్రికల్లో జాతర, దర్బారు, గోదావరి హస్తలమడుగు నుంచి కాలినడకన గంగాజలం తేవడం గురించి వస్తుంది. వంశచరిత్ర వెతికేవాడు చూడాల్సింది మర్రిచెట్ల కింద జరిగే తూమ్ పూజలను. ఆ వంశంలో పోయినవాళ్ల పేర కర్మకాండ అక్కడ చేస్తారు. 22 కితల (శాఖల) వాళ్లు 22 పొయ్యిల మీద వండుకుంటారు కాబట్టి ఎవరు ఏ పాయకు చెందినవాళ్లో కళ్లముందే తేలిపోతుంది. కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ కూడా అదే జాతరలో. పోయినవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క ఒకేచోట సరిచూసుకునే ఇలాంటి వార్షిక పద్దు మైదానపు కులాల్లో నేనెరగను.

అదే అడవిలో, జైనూర్ మండలం మార్లవాయిలో, బయటినుంచి వచ్చిన ఒక కుటుంబపు సమాధులున్నాయి. 1940లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం మరణించాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి పంపిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ ఊళ్లో ఉండి గోండుల వంశాలను కాగితం మీద పెట్టాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. తర్వాత ఆయన చితాభస్మమూ అక్కడికే చేరింది. ఇతరుల వంశాలు రాసినాయన వర్ధంతిని ఇప్పుడు గోండులే పాటిస్తున్నారు.

ఇంకా వెనక్కి పోవాలనుకుంటే గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఎక్కాలి. పదో శతాబ్దంలో జినవల్లభుడు అక్కడ సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. తాత అభిమానచంద్రుడు, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బ, అన్న పంపకవి, సొంతూరు వేంగినాటి వైపు వంగిపర్రు అని అందులో పొందుపరిచాడు. వేములవాడ చాళుక్యుల కొలువుకు చేరిన కుటుంబం తానెక్కడి నుంచి వచ్చిందో బండ మీద రాసుకుంది. తెలుగు కంద పద్యాల కోసమే ఆ శాసనాన్ని తలుచుకుంటాం గానీ, కరీంనగర్ నేలమీద వలస కుటుంబం చెప్పుకున్న వంశానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మళ్లీ మామూలు మనుషుల దగ్గరికి. ఫౌతి పద్దులోనూ కూనపులి కథలోనూ ఆడవాళ్ల పేర్లు దాదాపు ఉండవు. పిల్లలు చిన్నవాళ్లైతే తల్లి పేరు గార్డియన్‌గా పహాణీలో కనిపిస్తుంది, అంతే. ఆ లోటును కొంత తీర్చేవి రెండు. ఒకటి పెత్తరమాస. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యనాడు పెద్దల పేర బియ్యం ఇస్తారు. అయ్యగారు పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నానమ్మ, ఆమె అత్త పేర్లూ రావాలి. చాలా ఇళ్లలో ఇందుకోసమే ఒక నోటుబుక్కు ఉంటుంది, చిల్లర లెక్కల మధ్యన. రెండోది ఏడుపు. తెలంగాణ పల్లెల్లో శవం దగ్గర ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేటప్పుడు పోయినామె పుట్టిల్లు ఏదో, ఏ ఊరికి కోడలై వచ్చిందో, ఎందరిని కని ఎందరిని మట్టిలో పెట్టిందో, భర్త బొంబాయి పోతే ఎన్నేళ్లు ఒంటరిగా ఉందో అన్నీ వరసగా వస్తాయి. ఏ పత్రికా వేయని మరణవార్త అది. అది రికార్డు కావడం లేదని బాధపడతాం గానీ, శవం ముందు ఫోన్ పట్టుకొని నిలబడమని నేను చెప్పను. దినాలు అయ్యాక, పది రోజులాగి, ఏడ్చిన ఆమెనే కూర్చోబెట్టి అడిగితే నెమ్మదిగా అంతా చెబుతుంది.

తీర్థపు పద్దుల సంగతి కొంత తెలిసిందే. కాశీ, గయ, ప్రయాగ, హరిద్వార్, నాసిక్, త్ర్యంబకం పండాలు యాత్రికుల పేర్లను పెద్ద పెద్ద బహీల్లో ఎక్కించుకుంటారు. ప్రాంతం, ఊరు, కులం చెబితే పాత బహీ తీస్తారు. ఎవరి అస్థికలు కలపడానికి ఎవరొచ్చారో, వాళ్ల అన్నదమ్ములెవరో అందులో ఉంటుంది. అమెరికాలోని యూటా వంశావళి సంఘం 1977 నుంచి హరిద్వార్ బహీలను మైక్రోఫిల్మ్ తీయించింది. మన కుటుంబాలకు ఒక చిక్కుంది: స్తోమత ఉన్నవాళ్లే కాశీ వెళ్లారు. లేనివాళ్లు బాసర, ధర్మపురి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిపి వచ్చారు. షోలాపూర్ వలసదారులకు నాసిక్ దగ్గర కాబట్టి అక్కడి పురోహితుల పుస్తకాలు ముందు చూడటం మేలు. తాత అక్కడికి వెళ్లి ఉంటే తన సొంతూరి పేరు చెప్పే ఉంటాడు, పద్దు ఊరి పేరు మీదే ఉంటుంది కాబట్టి.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి ఖనన రిజిస్టరుంది. పేరు, వయసు, వృత్తి, పోయిన తేదీ, పూడ్చిన తేదీ, కారణం వేర్వేరు గళ్లలో ఉంటాయి. బాప్తిస్మ రిజిస్టరుతో కలిపి చదవాలి, ఎందుకంటే పేరు మారిన రోజు అందులో ఉంటుంది. పొలాల్లో బావి పక్కన కట్టిన గోరీల మీద కూడా ఈమధ్య పేరూ తేదీ చెక్కిస్తున్నారు. కానీ భూమి అమ్మితే గోరీ కొత్త యజమాని దయ మీదే ఉంటుంది. కనిపించినప్పుడే ఫొటో తీసుకోవాలి.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో వచ్చినట్టే షోలాపూర్, భివండి, సూరత్‌ల నుంచి కుటుంబాలు బాసరకు, ధర్మపురికి, కాళేశ్వరానికి వస్తాయి, పిండాలు పెట్టి సాయంత్రానికి రైలో బస్సో పట్టుకుంటాయి. ఒక్క రోజు ఎక్కువ ఉండగలిగితే ఊరికి వెళ్లొచ్చు. వెళ్లేముందు ఇంట్లో ఉన్న దినాల కార్డులు, పత్రికలో వేయించిన శ్రద్ధాంజలి ముక్కలు, పాత పెళ్లి శుభలేఖలు వెతికి పెట్టుకోండి, వాటి మీద సొంతూరి పేరు ఉండే అవకాశముంది. తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు, గోత్రం, తెలిస్తే నానమ్మ పుట్టింటి ఊరు ఒక కాగితం మీద రాసుకోండి. ఊళ్లో దిగాక ముందు పంచాయతీ ఆఫీసుకు కాకుండా కులపెద్ద ఇంటికి పోండి. మైల సంగతి అడగండి. మిరాశీ ఎవరిదో అడగండి. కూనపులి దొరికితే ఇన్నేళ్లుగా ఆగిన త్యాగం కూడా ఇవ్వాల్సి ఉంటుంది, ఆ డబ్బు విడిగా పెట్టుకోండి.