చూసినందుకు ఎంత?

వారాసిగూడ వైపు నుంచి బౌద్ధనగర్‌లోకి వచ్చే ఒక సందులో ఈ వారం కొత్త బోర్డు వెలిసింది. 'ఇంటి రిపేర్లు: నల్లా, మోటారు, కరెంటు.' దాని కింద, అంతే పెద్ద అక్షరాలతో, 'వచ్చి చూసినందుకు రూ.200'. బోర్డు కట్టిన మేస్త్రీ మాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. ఈ పేటలో ఏ ఇంటి పైపు ఏ గోడలోంచి పోతుందో ఇల్లు కట్టించినవాళ్లకన్నా ఆయనకే బాగా తెలుసు. నడి వయసులో జీతం వదిలి సొంతంగా మొదలుపెట్టాడు.

మొదటి లైను చదివి నేను ఎంత సంతోషించానో ఈ కాలమ్ చదివేవాళ్లు ఊహించగలరు. చేతిలో పని ఉన్నవాడు తన పేరు మీదే బతకాలని ఎన్నాళ్లుగానో పోరుతున్నాను. 2014లో అర్బన్‌క్లాప్‌గా పుట్టి, 2020లో అర్బన్ కంపెనీగా పేరు మార్చుకుని, 2025లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లిన ఇంటి పనుల యాప్ లాంటివి తెచ్చిన పద్ధతి మీద నాకు ఎప్పుడూ గుర్రే. మేస్త్రీ ముఖం చూడకముందే ఫోనులో రేటు కనబడుతుంది. ఏ రెండిళ్ల లీకూ ఒకటి కానప్పుడు రేట్ల పట్టిక ఏమిటని నా వాదన. అందుకే బోర్డులో రెండో లైను దగ్గర నా సంతోషం ఆగిపోయింది. ఈయన కూడా అదే దారి పట్టాడా అనిపించింది.

అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. ఆ సందులోనే చదువుకునే పిల్లలకు గదులు అద్దెకిచ్చే ఒకాయన గట్టిగానే అడిగేశాడు: "చూసినందుకు పైసలేందయ్యా? పని చేస్తే ఇస్తం గని!"

"చూసుడే పని సార్," అన్నాడు మేస్త్రీ.

ఆ మాట విన్నాక మా పాత ప్లంబరు తాత గుర్తొచ్చాడు. నా చిన్నతనంలో మేం సీతాఫల్‌మండిలో ఉండేవాళ్లం. అప్పుడన్నీ జీఐ పైపులే. బయటికి నిక్షేపంగా కనబడేవి. లోపల తుప్పూ, బోరు నీళ్ల సున్నమూ పేరుకుని వేలు దూరే సందు కూడా మిగిలేది కాదు. ఇప్పటిలా టెఫ్లాన్ టేపు లేదు. త్రెడ్డు మీద జనపనార చుట్టి, సఫేదా పూసి, పానాతో బిగించేవారు. ఒకసారి, రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగమవడం మొదలైంది. అలా వారం సాగాక నాన్న ఆ తాతను పిలిచాడు.

తాత వచ్చి సామాన్ల సంచి విప్పనే లేదు. సాయంత్రం ట్యాంకు నింపించి, నీళ్లున్న మట్టానికి సుద్దముక్కతో గీత గీశాడు. కిందికి దిగే గేట్ వాల్వ్ కట్టేసి వెళ్లిపోయాడు. పొద్దున చూస్తే గీత దగ్గరే నీళ్లున్నాయి. అంటే ట్యాంకు మంచిదే. ఆ రోజు వాల్వ్ తెరిచి, ఇంట్లో నల్లాలన్నీ కట్టేయించాడు. ఈసారి నీళ్లు గీత కిందికి జారాయి. తప్పు పైపుల్లో ఉందన్నమాట. అప్పుడు సంచిలోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటే తీశాడు. కొనను పైపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని గోడ వెంట నడిచాడు. వంటింటి వెనక ఒకచోట ఆగి, అరచేతి వెడల్పున ప్లాస్టరు కొట్టించాడు. అక్కడే, ఎల్బో దగ్గర చెమ్మ.

ఆ ఎల్బో మార్చడానికి పట్టిన సమయం చాలా తక్కువ. నాన్న ఇచ్చిన కూలీ ఆ సమయానికే. గీత గీసిన సాయంత్రానికీ, మెట్లెక్కి చూసిన పొద్దుటికీ, గోడకు చెవి పెట్టిన గంటకూ ఏమీ ముట్టలేదు. తాతా అడగలేదు. అడగాలని ఆయనకూ, ఇవ్వాలని మాకూ తోచలేదు.

మరి ఆ సమయం ఖర్చు ఎక్కడినుంచి రావాలి? సామాను మీద నుంచి వస్తుంది. రాణీగంజ్‌లో పైపులు కొన్నా, ట్రూప్ బజార్‌లో వైర్లు కొన్నా, పేటలోని హార్డ్‌వేర్ దుకాణంలో నల్లా కొన్నా, తెచ్చిన మేస్త్రీకి ఎంతోకొంత ముట్టజెప్పే ఆనవాయితీ అందరికీ తెలిసిందే. దీన్ని మోసమని తిట్టేవాళ్లున్నారు. కానీ లెక్క చూడండి. వాషరు మారిస్తే సరిపోతుందని కనిపెట్టినవాడికి మిగిలేది వాషరు కూలీ. నల్లా మొత్తం మార్చాలన్నవాడికి నల్లా మీద కమిషనూ, బిగింపు కూలీ రెండూ. చూపుకు విలువ కట్టకుండా మనమే ఆ మేస్త్రీని రెండో మాట వైపు నెడుతున్నాం.

పల్లెల్లో బోరు వేసేముందు కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి పాయింటు చెప్పేవాడికి కూడా డబ్బిస్తాం. నీళ్లు పడకపోయినా తిరిగి అడగం. మాకు ఆటో దూరంలోనే, 1961లో ఏర్పడ్డ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో, భూమి లోపల ఏముందో చూడడమే ఒక శాస్త్రం. కనబడని నీళ్లు ఎక్కడున్నాయో చెప్పినందుకు ఇస్తాం గానీ, గోడలో నీళ్లు ఎక్కడ పోతున్నాయో చెప్పినవాడికి ఇవ్వం. 2021 నుంచి హైదరాబాద్ నగరంలో నెలకు 20 వేల లీటర్లు ఉచితమే అయినా, మీటరు దాటాక కారిన ప్రతి చుక్కా ఆ లెక్కలోకే వస్తుంది.

ప్రభుత్వం తీరూ మనలాగే ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మలో పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఇస్తారు. మంచి పథకం. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగి ఉన్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు. ప్లంబరు లేడు, ఎలక్ట్రీషియనూ లేడు. ఇది నాకు బాధగా ఉంది. మిగతా కాగితాలు అంత కష్టం కాదు. చిన్న వ్యాపారాల ఉద్యం నమోదుకు రుసుము లేదు, సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. సొంతంగా మొదలుపెట్టినవాడికి అసలు కష్టం గుమ్మం ముందు నిలబడి తన చూపుకు ధర చెప్పడమే. యాప్‌ల మీద నా కోపం అలాగే ఉంది. కానీ మనిషి ఇంటికి వచ్చి వెళ్లడానికి ఒక ధర ఉంటుందని ముందే చెప్పే విషయంలో వాటితో నాకు తగువు లేదు. రేట్ల పట్టిక వద్దనే నేను, ఆ బోర్డు మీద ఈ ఒక్క రేటు ఉండాల్సిందేనంటున్నాను.

పేటలో ఇప్పుడు బేరం ఇంకో దారిలో నడుస్తోంది. పని చేయించుకుంటే ఆ 200 బిల్లులో తీసేయమంటున్నారు. మేస్త్రీ మెత్తబడేలా ఉన్నాడు. "కొత్తగ పెట్టిన కదమ్మా, గిరాకీ పోతదేమో," అన్నాడు. తీసేయొద్దని చెప్పాను. తీసేస్తే మళ్లీ సామాను మీదే బతకాలి. బిల్లులో చూపుకు ఒక లైను, పనికి ఒక లైను, సామానుకు దుకాణం రసీదు విడిగా పెట్టమన్నాను.

ఇంకో కారణమూ ఉంది. ఆయన దగ్గరికి ఐటీఐ చదివిన కుర్రాడొకడు హెల్పరుగా చేరాడు. ఐటీఐలో ప్లంబరు కోర్సు ఏడాది, ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. బిగించడం అక్కడ వస్తుంది. ట్యాంకులో గీత గీసి పొద్దుటిదాకా ఆగడం మాత్రం పక్కన నిలబడితేనే వస్తుంది. ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పరిగెత్తే మేస్త్రీకి అది నేర్పే తీరిక ఉండదు. ఆ 200లో కుర్రాడు పక్కన నిలబడే గంట కూడా ఉంది.