గొట్టం నిండా పోశారా?

తాడేపల్లిగూడెం దగ్గర ఒక బియ్యం గోడౌన్‌లో లారీలు వెనక్కి వచ్చేచోట, ప్లాట్‌ఫారం మూలలు దెబ్బతినకుండా రెండు ఇనుప పైపులు పాతించాం. రెండూ ఒకే లోడులో దిగిన ఆరంగుళాల పైపులు, లోపల నిండా కాంక్రీటు పోయమన్నవి. నెల తిరక్కముందే ఒక లారీ ఎడమదాన్ని గుద్దింది. మరో వారానికి ఇంకో లారీ కుడిదాన్ని గుద్దింది. ఎడమది జానెడు పక్కకు ఒరిగి అలాగే నిలబడింది, తగిలినచోట గోరంత సొట్ట. కుడిది నడుమెత్తులో చదునై మడతపడింది. దాని వెనకున్న మూల రాలిపోయింది.

రెండింటినీ గ్యాస్ కట్టర్‌తో కోయించాను. కుడిదానిలో మోకాలెత్తు దాకానే కాంక్రీటు ఉంది. ఆ పైన ఖాళీ, చివర్న సిమెంటు మూత. "మాలు చాల్లేదండి, పైన సంచులు కుక్కి మూత పోసేశామండి" అన్నాడు మేస్త్రి, తల దించుకుని. ఎడమదాన్ని చీలిస్తే, దెబ్బ తగిలిన వైపు కాంక్రీటు నలిగి ఉంది కానీ చోటు వదల్లేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తేనే ఊడివచ్చింది. అవతలి వైపు వెంట్రుకల్లాంటి అడ్డ పగుళ్లు, వరసగా. ఆ ముక్క ఇప్పటికీ నా బల్లమీద ఉంది.

ఖాళీ పైపు ఓడిపోయేది బలం చాలక కాదు, ఆకారం పోగొట్టుకుని. దెబ్బకు గోడ లోపలికి పోతుంది, గుండ్రం కాస్తా బల్లపరుపవుతుంది. చదునైన పైపుకు వంపును ఆపే శక్తి ఎక్కడిది? అక్కడే మడత పడుతుంది. లోపల కాంక్రీటు ఉంటే గోడకు లోపలికి పోయే దారి లేదు. కాంక్రీటు నలిగినా బయటికి పోయే దారి లేదు, చుట్టూ ఇనుము పట్టుకుని ఉంటుంది. ఇక దెబ్బ ఒక్కచోట ఆగదు. పైపు పొడవునా వంగుతూ దాన్ని మింగుతుంది.

ఆ దెబ్బ చిన్నది కాదు. 10 టన్నుల లారీ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడకతో, వచ్చి తగిలినా దాని శక్తి 1 టన్ను బరువును 1 మీటరు ఎత్తు నుంచి వదిలినంత. ప్రయోగశాలల్లో చేసేదీ ఇలాంటిదే. పైపును రెండు దిమ్మల మీద అడ్డంగా బిగించి, నడిమీద బరువైన సమ్మెట జారవిడుస్తారు. 5 మీటర్ల నుంచి వదిలితే తగిలే వేళకు గంటకు 36 కిలోమీటర్ల దాకా వేగం ఉంటుంది. మొదటి కొన్ని మిల్లీసెకన్లలో బలం ఒక్కసారి ఎగుస్తుంది. తర్వాత పైపు వంగుతున్నంతసేపూ ఇంచుమించు ఒకే మట్టంలో నడిచి దిగిపోతుంది. మరీ పెద్ద దెబ్బయితే చివరికి చిరిగేది దెబ్బకు అవతల, సాగే వైపు ఇనుము. అందుకే కాంక్రీటు గ్రేడు పెంచడం కన్నా పైపు గోడ మందం పెంచడమే మేలని నేను పోరుతుంటాను.

కాంక్రీటు నింపినా కూలిన గొట్టాలూ ఉన్నాయి. ఇంగ్లండులో సెవర్న్ నది మీద 1879లో రైలు వంతెన కట్టారు. స్తంభాలు ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన ఇనుప గొట్టాలు, లోపల కాంక్రీటు. ఈ పద్ధతికి తొలి ఉదాహరణల్లో దాన్ని చెబుతారు. 1960 అక్టోబరు 25 రాత్రి, దట్టమైన పొగమంచులో, పోటుకు కొట్టుకొచ్చిన రెండు చమురు పడవలు ఒక స్తంభాన్ని గుద్దాయి. స్తంభం కూలింది, దాంతో రెండు స్పానులు నదిలో పడ్డాయి. నది మీద మంటలు లేచాయి. పడవల్లోని ఎనిమిదిమందిలో ఐదుగురు చనిపోయారు. ఆ వంతెన మళ్లీ వాడుకలోకి రాలేదు. నా ఉద్దేశంలో, అతుకుల మీద నిలిచిన స్తంభం ఒక్క గొట్టంలా వంగలేదు, అతుకు దగ్గరే లొంగుతుంది. పైగా నెత్తిన బరువున్న స్తంభం కాస్త ఒరిగినా, ఆ బరువే దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. గోడౌన్ పైపుకు ఆ బాధ లేదు, దాని బలమంతా నిండా పోయడంలోనే ఉంది.

కాబట్టి పోత పని చిన్నచూపు చూడకండి. కంకర సన్నంగా ఉండాలి. ఒక్కసారి కుమ్మరించకుండా మూడడుగులకోసారి ఆపి, సూది వైబ్రేటరు దించాలి. సన్న పైపయితే ఊచతో కూరి, బయట చెక్కసుత్తితో కొట్టాలి. గాలి బుడగలు పైకి రావడం ఆగేదాకా పైకి పోకూడదు.

మీ గేటు ముందో, మీ పెట్రోలు బంకులోనో పైపులు పాతిస్తుంటే, బిల్లు కట్టేముందు చిన్న సుత్తితో అడుగు నుంచి అంచు దాకా తట్టించండి. నిండిన పైపు దబ్బుమంటుంది, ఖాళీది ఖంగుమంటుంది. ఖంగుమన్నచోట ఊరుకోకండి. మూత తీయించి, మళ్లీ పోయించండి.