చల్లపల్లి ఎరుపు, కరాచీ ఎరుపు

"ముస్లిం దేశంలో ఎర్రజెండా నిలవదు, వాళ్ల మతం నిలవనివ్వదు" అన్న మాట మన దగ్గర బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా వింటుంటాం. కృష్ణా జిల్లాలో ఆ మాటకు కొంచెం గర్వం కూడా తోడవుతుంది. మా తాతలు దేవుణ్ణి పక్కనపెట్టి జెండా పట్టినవాళ్లు, అదీ మా నేల అంటారు. ఆ గర్వంలో నిజమెంత, ఆ తీర్పులో నిజమెంత అన్నది తేలాలంటే చల్లపల్లిని తీసుకెళ్లి కరాచీ పక్కన నిలబెట్టాలి.

చల్లపల్లి కోటలో యార్లగడ్డ వారి జమీందారీ. 1930ల చివర్లో దానిమీద రైతుల్ని కూడగట్టినవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లే. చల్లపల్లి పక్క మంగళాపురంలో 1914లో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు కాశీలో చదివి, విశాఖలో వైద్య విద్య మధ్యలో వదిలేసి వచ్చినవాడు. 1937లో కొత్తపట్నంలో యువకులకు రాజకీయ పాఠశాల పెడితే పోలీసులు వచ్చి చెదరగొట్టారు. చెదిరినవాళ్లు ఎక్కడికి పోయారు? ఇళ్లకు పోయారు. ఇంటి చుట్టూ పొలం, పొలం చుట్టూ చుట్టాలు. పోలీసు వెతుక్కుంటూ వస్తే మేనమామ ఇంట్లో ఒకపూట, పెదనాన్న చేలో ఒకపూట.

జమీందారుదీ, ఆయన మీద తిరగబడిన కుర్రనాయకుల్లో చాలామందిదీ ఒకే కులం, కమ్మ. అమెరికా పరిశోధకుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి రాస్తూ ఈ కులబలాన్నే పట్టుకుని చూపించాడు. ఆయన మాట సగమే ఒప్పుకోగలం. దాక్కోవడానికి చోటిచ్చింది కులమే, కాదనలేం. కానీ సొంత కులపు రాజుమీదికే ఎందుకు వెళ్లారన్నదానికి కులం జవాబు చెప్పదు, శిస్తు చెబుతుంది.

ఇక కరాచీ. దేశ విభజన తర్వాత అక్కడి డౌ మెడికల్ కాలేజీ విద్యార్థుల చొరవతో డెమొక్రటిక్ స్టూడెంట్స్ ఫెడరేషన్ పుట్టింది. 1953 జనవరిలో వాళ్లు ఊరేగింపు తీసింది ఫీజులు తగ్గించమని, హాస్టళ్లు, లైబ్రరీలు కావాలని. మతం ఊసే లేదు. పోలీసులు కాల్పులు జరిపారు, పిల్లలు చనిపోయారు. 1954లో కమ్యూనిస్టు పార్టీతోపాటు ఆ సంఘాన్నీ నిషేధించారు. పాకిస్తాన్ అప్పటికే అమెరికా సైనిక కూటములవైపు నడుస్తోంది. నిషేధానికి మౌల్వీల ఫత్వా అవసరం కాలేదు, ప్రభుత్వ ఉత్తర్వు చాలింది.

ఆ కుర్రాళ్లలో చాలామంది సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాల పిల్లలు. తాతల ఊరు, పొలం, మేనమామ ఇల్లు అన్నీ ఇటువైపు ఉండిపోయాయి. తరిమితే పోవడానికి వాళ్లకు మంగళాపురం లేదు. వాళ్ల ఓటమికి నేను మొదట చెప్పే కారణం ఇదే. మతం ఆ తర్వాత వస్తుంది.

హసన్ నాసిర్ కథ ఈ సంగతి బాగా చెబుతుంది. 1928లో మన హైదరాబాదులోనే ఉన్నత కుటుంబంలో పుట్టాడు. కమ్యూనిస్టు నాయకులు మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ తిరిగిన నగరం అది. విభజన తర్వాత కరాచీ చేరి, నిషేధంలో ఉన్న పార్టీకి రహస్యంగా పనిచేశాడు. 1960లో పట్టుబడ్డాడు. ఆ నవంబరులో లాహోర్ కోటలో చిత్రహింసల మధ్య చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు. హైదరాబాదు నుంచి తల్లి వెళ్లింది. కోర్టు ఉత్తర్వుతో గోరీ తవ్వి శవాన్ని చూపిస్తే, వీడు నా కొడుకు కాదంది. ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. అదే హైదరాబాదులో ఉండిపోయిన మఖ్దూం జైలుకూ వెళ్లాడు, అజ్ఞాతంలోనూ ఉన్నాడు. 1952లో మాత్రం హుజూర్‌నగర్ ఓటర్లు ఆయన్ను శాసనసభకు పంపారు. హుజూర్‌నగర్ రైతుకు ఆయన నమాజుతో పనిపడలేదు.

డెల్టాలో ప్రభుత్వం మెత్తగా ఉందని కాదు. 1949లో కమ్యూనిస్టుల వేటలో కాటూరు, యలమర్రు గ్రామాల్లో మలబారు పోలీసులు మగవాళ్ల బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. కానీ మూడేళ్లలోపే ఎన్నికలొచ్చాయి, ఆ అవమానానికి జవాబు బ్యాలెట్ పెట్టెలో దొరికింది. కరాచీ కుర్రాళ్లకు ఆ పెట్టే లేదు. పాకిస్తాన్ మొత్తానికి వయోజన ఓటుతో తొలి సార్వత్రిక ఎన్నిక 1970లో గానీ జరగలేదు.

మరి మతం ఏమీ కాదా అంటే, అలా తోసేయలేను. మన నేలలో దేవుణ్ణి ప్రశ్నించడం కమ్యూనిస్టులతో మొదలు కాలేదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి అప్పటికే పురాణాలను తిరగేసి చదివించాడు. గోరా నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ నిలవలేకపోయాడు. 1940లో ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెడితే ఊరు చోటిచ్చింది. పాకిస్తాన్ పుట్టిందే మతం పేరున కాబట్టి అక్కడ మతాన్ని ప్రశ్నించడమంటే దేశాన్ని ప్రశ్నించడం. 2017 ఏప్రిల్ 13న మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని, దైవదూషణ చేశాడన్న పుకారు మీద తోటి విద్యార్థుల గుంపు విశ్వవిద్యాలయంలోనే కొట్టి చంపింది. దూషణకు ఆధారమే లేదని దర్యాప్తు తేల్చింది. అతను నిజంగా చేసింది ఫీజుల గురించి, యాజమాన్యం అక్రమాల గురించి మాట్లాడటం. ఇక్కడ ఉద్యోగం పోయింది, అక్కడ ప్రాణం పోయింది. ఈ తేడాను చిన్నది చేసి చూపడం మోసమే.

అయితే ఆ మర్దాన్ పక్కనే చార్‌సద్దా జిల్లాలో హష్త్‌నగర్ ఉంది. 1970ల మొదట్లో మజ్దూర్ కిసాన్ పార్టీ అండతో అక్కడి పఠాన్ కౌలురైతులు ఖాన్ల భూములు పట్టుకుని సాగుచేశారు. నమాజు మానలేదు, భూమీ వదల్లేదు. భూమి దొరికినచోట మతం అడ్డం రాలేదన్నమాట.

ఇటు మన వైపు 1947లో, మత కలహాలతో దేశం తగలబడుతున్నప్పుడు, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాశారు. దేశ్‌ముఖ్ మీద నిలబడ్డ ముస్లిం రైతు బందగీ కథే దానికి ఆధారం. డెల్టా పల్లెల్లో పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో జనం అతనికోసం కంటతడి పెట్టారు. ఆంధ్ర వామపక్షం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

కానీ మన లౌకికత్వానికి అసలు పరీక్ష మతం కాదు, మాలపల్లె. పెళ్లికి పురోహితుణ్ణి మానేయడం తేలిక, పాలేరును పక్కన కూర్చోబెట్టుకుని తినడం కష్టం. నాయకత్వం ఆసాముల పిల్లలది, జెండా మోసింది కూలీలు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ 15 సీట్లకు పడిపోయింది. దానికి కాంగ్రెస్ ప్రచారాన్ని తిడతారు గానీ, పొలం చేతికొచ్చిన రైతుకు విప్లవంతో పని తీరిపోయిందని మాత్రం అనరు. కరాచీ కుర్రాళ్లకు వేళ్లు లేకపోయాయి, మన కుర్రాళ్ల వేళ్లు సొంత గట్టు దాటలేదు.

తర్వాతి తరాల కుర్రాళ్ల సంగతికి వస్తే, జనరల్ జియా 1984లో పాకిస్తాన్ కాలేజీల్లో విద్యార్థి యూనియన్లను నిషేధించాడు. వాటిని తిరిగి తెమ్మని 2019 నవంబరు 29న అక్కడి విద్యార్థులు ఎన్నో నగరాల్లో ఊరేగింపులు తీశారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో కూడా విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఇక్కడ ఆపింది ఏ జనరలూ కాదు, మనం ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వాలే.