కరెంటు కోతలో మేక్

2012లో కోవిల్‌పట్టిలో కంప్యూటర్ మీద పెద్ద పని పెట్టుకోవాలంటే ముందు కోత వేళలు చూసుకోవాలి. చెన్నై బయట తమిళనాడంతా గంటల తరబడి చీకటే. సరిగ్గా అప్పుడే నాకు సోర్సు కోడు కంపైల్ చేసే పిచ్చి పట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివినవాళ్లం. తెరమీద తెలుగు ఒత్తులు సరిగా కూర్చోవాలని ఆశ. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ కొత్త రూపు దిద్దుకుంటోంది. అది ఉబుంటులో చేరేదాకా ఓపిక పట్టలేక, పాంగో లైబ్రరీతో సహా నేనే కట్టుకోబోయాను.

మా ఊరి వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని బెల్లం పాకం మధ్యలో పొయ్యి ఆరితే ఇక అంతే. కంపైల్ నయం. కరెంటు వచ్చాక మళ్లీ ‘మేక్’ అని కొడితే, కంపైల్ పనిని నడిపించే ఆ ప్రోగ్రాం ఆగినచోటే అందుకుంటుంది. సోర్సు ఫైలు తేదీనీ, దాన్నుంచి పుట్టిన ఆబ్జెక్టు ఫైలు తేదీనీ పోల్చి, సోర్సు కొత్తదైతేనే మళ్లీ పని మొదలెడుతుంది. దాని తెలివల్లా అదే.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దీన్ని రాశాడు. సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక పూటంతా లేని తప్పును వెతుక్కున్నాడట. తప్పు అప్పటికే దిద్దేశాడు, ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడమే మరిచాడు. (ఆదేశం ముందు ట్యాబే కొట్టాలన్న దిక్కుమాలిన నియమమూ ఫెల్డ్‌మన్‌దే. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారని మార్చలేదట. ఆ మొహమాటం ఇప్పటికీ మనమే మోస్తున్నాం.)

ఆబ్జెక్టు ఫైలు రాస్తుండగా కరెంటు పోతే చిక్కు. సరుకు సగమే ఉంటుంది, తేదీ మాత్రం తాజాది. మేక్ దాన్ని దాటుకుని పోతుంది. చివర్లో ఆబ్జెక్టు ఫైళ్లన్నిటినీ కలిపే లింకర్ గోల పెడుతుంది.

విరుదునగర్ బావ ఇచ్చిన పాత డెస్క్‌టాప్‌ది ఇంకో తీరు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కేబుల్లో కరెంటు ఉన్నంతసేపూ గడియారం బాగానే నడుస్తుంది. కోత పడిందా, ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు నేను దిద్దిన సోర్సుకు పాత తేదీ పడుతుంది, నిన్నటి ఆబ్జెక్టు ఫైలు దానికంటే కొత్తదై కూర్చుంటుంది. ఫైలు తేదీ భవిష్యత్తులో ఉందని మేక్ హెచ్చరిస్తుంది గానీ, కంపైల్ చేయదు. ఎంత మార్చినా ప్రోగ్రాం పాతదే. జాన్సన్‌కు పట్టిన గతే, అదీ ఆ జబ్బుకు మందుగా పుట్టినదాని చేతుల్లోనే!

బావకు ఫోన్‌లో ఇదంతా వివరించబోయాను. “ఆ ఫెల్డ్‌మన్ ఎవరో నాకు తెలీదురా, వాచీల అంగట్లో బ్యాటరీ దొరుకుద్ది, పోయి కొనుక్కో” అన్నాడు. దొరికింది.